నలుగురూ మెచ్చే ఎర్ర వైన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా): మేం పదిమందిమి దోస్తులం. ఇద్దరిద్దరం కలిసి ఒక్కో ఎర్ర వైన్ సీసా తెచ్చి, పేరు కనబడకుండ కాగితం చుట్టి, రుచి చూసి మార్కులేసుకుందామనుకున్నం. సీసాకు రెండు వేలు దాటొద్దు. ముగ్గురికే వైన్ అలవాటు, కడమోళ్లంత బీరు, విస్కీ తాగెటోళ్లు. ఏ సీసా తీస్కపోతే గెలుస్తం?

జవాబు: సీసా సంగతి తర్వాత. ముందు మార్కులు ఎట్లా లెక్కిస్తారో కనుక్కోండి. అందరి మార్కులూ కలిపి మొత్తం చూస్తారా, లేక ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక్క సీసాకే ఓటేస్తారా? ఈ రెండు పద్ధతుల్లో గెలిచే వైన్లు వేరు. ఒక సీసాకు పదిమందీ 20కి 14 చొప్పున వేస్తే 140 వస్తాయి. ఇంకొక సీసా నలుగురికి తెగ నచ్చి 18 చొప్పున పడ్డాయి, మిగతా ఆరుగురు మొహం ముడుచుకుని 10 వేశారు అనుకోండి, దానికొచ్చేది 132. మొత్తం చూస్తే మొదటిది గెలుస్తుంది. ఓట్ల లెక్కయితే, ఐదు సీసాల మధ్య నాలుగు ఓట్లు తెచ్చుకున్న రెండోదే గెలిచే వీలుంది. మార్కుల పందెంలో ఎవరికీ చేదుగాని సీసా కావాలి. ఓట్ల పందెంలో కొందరినైనా గట్టిగా పట్టుకునే సీసా కావాలి.

మీరు మార్కులేసుకుందామన్నారు కాబట్టి మీది మార్కుల పందెమే అనుకుందాం. అయితే వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ ఉన్నది చూసుకోండి. ఎర్ర వైన్‌లో వగరు ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి, కొంత వైన్ నిలవ చేసే ఓక్ చెక్క పీపా నుంచి వస్తుంది. పచ్చి నేరేడు పండు కొరికితే నాలుక పిడచగట్టినట్టు అయ్యేది అదే. వైన్ అలవాటు లేని ఏడుగురు ముందుగా పట్టుకునేదీ, మార్కులు కోసేదీ ఆ వగరునే. అందుకే కాబర్నే సోవిన్యోన్ అనే వగరు ద్రాక్ష ఒక్కటే ఉన్న కొత్త సీసా వద్దు. షిరాజ్ గానీ, షిరాజ్ కలిపిన కాబర్నే గానీ, మెర్లో గానీ తీసుకోండి, ఇవన్నీ ద్రాక్ష రకాల పేర్లే. షిరాజ్ మన నాలుకకు త్వరగా దగ్గరవుతుంది. అందులో మిరియాల వాసన వస్తుందంటారే, అది ఊహ కాదు, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంది.

రెండు వేలలో విదేశీ సీసా కంటే నాసిక్ సీసా కొనడం మేలని మా గట్టి అభిప్రాయం. దిగుమతి వైన్ మీద సుంకం 150 శాతం దాకా పడుతూ వచ్చింది, దానిపై రాష్ట్రం పన్నులు, దుకాణం లాభం. ఇక్కడ మీరు రెండు వేలు పెట్టే సీసా దాని సొంత దేశంలో చవక రకమే అయి ఉంటుంది. అదే డబ్బుకు నాసిక్‌లో పీపాలో నిలవ చేసిన మేలు రకం దొరుకుతుంది. సులా వారి రాసా షిరాజ్, దిండోరి రిజర్వ్ షిరాజ్ ఈ దారిలోవే, దుకాణంలో ఆ రోజు ధర చూసుకోండి. గ్రోవర్ వారి లా రిజర్వ్‌లో కాబర్నే, షిరాజ్ రెండూ కలుస్తాయి, అదీ పందేనికి పనికొస్తుంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు తోటల నుంచి ఫ్రాటెల్లి వారి సాంజోవేజే అనే ద్రాక్ష వైన్ వస్తుంది. మటన్ పక్కన అది మాకు చాలా ఇష్టం, కానీ దాని స్వభావం పులుపు. ఒట్టి నోటితో తాగే పందెంలో ఆ పులుపు ఎదురు తిరుగుతుంది. విదేశీదే కావాలంటే అర్జెంటీనాలో మెండోజా ప్రాంతపు మాల్బెక్ ద్రాక్ష వైన్ చూడండి, వగరు మెత్తగా ఉంటుంది. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు క్రియాన్సా, అంటే పీపాలో కొంతకాలం నిలవ చేసిన రకం, రెండో మాట. పినో న్వార్ ద్రాక్షతో చేసిన చవక సీసా జోలికి మాత్రం పోకండి, పలచగా అనిపించి అందరి దగ్గరా సగం మార్కులతో ఆగిపోతుంది.

సీసా మీది సంవత్సరం చూడండి. నాసిక్‌లో పంట కోత ఇంచుమించు జనవరి నుంచి మార్చి వరకు, అంటే సీసా మీది ఏడాది మొదట్లోనే కోసిన ద్రాక్ష. మామూలు రకమైతే ఒకటి నుంచి మూడేళ్ల లోపుది, పీపా రకమైతే రెండు నుంచి ఐదేళ్లది చాలు. బోర్డు మీద "వైన్స్" అని ఉన్నా మన దుకాణాల్లో అమ్ముడయ్యేది విస్కీ, బీరే. వైన్ సీసా నెలల తరబడి ఎండ తగిలే అరలో నిలబడి ఉడికిపోతుంది. మూత కింద జిగురుగా కారిన మరక ఉన్నా, కార్కు పైకి ఉబికినా ముట్టుకోవద్దు. తిప్పి తీసే మరమూత ఉన్న సీసా దొరికితే కార్కు బెడద సగం తప్పుతుంది.

ఇక దాచే పద్ధతి. కాగితం చుట్టినంత మాత్రాన గుట్టు దాగదు. భుజాలు ఎత్తుగా ఉన్న సీసా కాబర్నేదని, జారుడు భుజాలది షిరాజ్ లేదా పినోదని తెలిసినవాళ్లు పట్టేస్తారు. అన్నీ ఒకే రకం ఖాళీ సీసాల్లోకో జగ్గుల్లోకో వంచి నంబర్లు వేయండి. ఆ పని పందెంలో లేని మనిషితో చేయించండి. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు చొప్పున, 750 మిల్లీలీటర్ల సీసాలో పదిమందికి 500 పోతాయి, మిగతా 250 భోజనానికి. మనిషికి ఐదు రకాలు కలిసి 250 మిల్లీలీటర్లు అవుతాయి, అదే ఎక్కువ. ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టండి. మొదట వచ్చిందీ చివర వచ్చిందీ బాగా గుర్తుంటాయి, మధ్యవి నష్టపోతాయి. కాబట్టి మొదటి ఇద్దరికి 1తో, తర్వాతి ఇద్దరికి 2తో, ఆ తర్వాతి ఇద్దరికి 3తో, ఇట్లా మొదలుపెట్టి చుట్టూ తిప్పి పోయండి, ప్రతి సీసాకూ ప్రతి స్థానం దక్కుతుంది. మార్కులు రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఒకాయన "ఇది బాగుంది" అన్నాడంటే పక్కాయన పెన్ను అటే వంగుతుంది.

ఇవన్నీ కొత్త సంగతులేం కావు. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా 20కి మార్కులు వేస్తే ఎర్ర వైన్లలో ఫ్రెంచి సీసాలను దాటి కాలిఫోర్నియా సీసా పైకొచ్చింది. పేరు కనబడి ఉంటే ఆ మార్కులు పడేవి కావు. అందుకే దాచడంలో ఇంత పట్టుబడుతున్నాం.

ఒక్క మాట. బాసర అటు పక్కనే ఉందని తెలంగాణలో కొని సరిహద్దు దాటించకండి, అది ఎక్సైజ్ నేరం. మహారాష్ట్రలో వైన్ తాగే వయసు 21.

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా): మేమూ ఇలాంటిదే పెట్టుకున్నాం. మంచి సీసాలే తెచ్చాం, కానీ అన్నీ గొంతులో మంటగా, వగరుగా ఉన్నాయి. మోసపోయామా?

జవాబు: మోసం కాకపోవచ్చు, మీ గది వేడి అయి ఉండొచ్చు. "ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలి" అన్నది చల్లటి దేశాల మాట, వాళ్ల గది అంటే 16, 18 డిగ్రీలు. మన గదిలో 32 ఉంటే సారాయి ఆవిరి ముందు ముక్కుకెక్కుతుంది, పండు వాసన దాని వెనక నలిగిపోతుంది. పోసేటప్పుడు 15 నుంచి 16 డిగ్రీలు ఉండాలి, గ్లాసులో తనంతట తనే రెండు డిగ్రీలు ఎక్కుతుంది. ఫ్రిజ్‌లో అయితే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఐసు, నీళ్లు సగం సగం పోసిన బకెట్‌లో అయితే 12 నుంచి 15 నిమిషాలు చాలు. ఒట్టి ఐసు గడ్డల్లో పెడితే సీసాకు సరిగా అంటుకోవు, నీళ్లు తప్పనిసరి. అయితే మరీ చల్లబరిస్తే వగరు ఇంకా ముందుకొస్తుంది, అదీ జాగ్రత్త.

రెండో అనుమానం తిండి మీద. మిరపకాయ మంట ఉన్న నోటికి వైన్‌లోని మత్తు మంటగా, వగరు చేదుగా తోస్తాయి. మార్కులయ్యేదాకా మిరపకాయ బజ్జీలు, ఆవకాయ వద్దు. ఉప్పూకారం లేని రొట్టెముక్క, మంచినీళ్లు చాలు. అగరుబత్తి వెలిగించకండి, మల్లెపూలూ అత్తరూ ఆ గదిలో వద్దు. గ్లాసులు నిమ్మవాసన సబ్బుతో కడిగితే వేడినీళ్లతో మళ్లీ కడగండి.

ఒకే ఒక్క సీసా తడిసిన గోనెసంచి వాసన కొడితే అది కార్కు తప్పు, చల్లబరిచినా గాలి తగిలించినా పోదు, పక్కన పెట్టేయండి. కొత్త మరమూత సీసా కాల్చిన అగ్గిపుల్ల వాసన కొడితే బెంగపడకండి. జగ్గులోకి వంచి అరగంట వదిలితే తగ్గుతుంది.

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా): తియ్యటి పోర్ట్ వైన్ తెస్తే అలవాటు లేనివాళ్లు దానికే వేస్తారు కదా, తేవచ్చా?

జవాబు: వేస్తారు, నిజమే. కానీ మన దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే చవక రకం చాలావరకు తీపి కలిపిన వైన్. పోర్చుగల్ డోరో లోయ పోర్ట్ వేరు. దానికి ద్రాక్ష సారాయి కలిపి 19 నుంచి 22 శాతం మత్తుతో తయారుచేస్తారు. ఏదైనా తీపిది ఒక్కటి మధ్యలో దిగితే దాని తర్వాత తాగే ప్రతి వైన్ పులిసినట్టు అనిపిస్తుంది. మిగతా అందరి శ్రమ వృథా అవుతుంది. తేవద్దు. తీపి ఇష్టమైతే భోజనం చివర విడిగా పోసుకోండి.

ప్రశ్న (సిరొంచ, గడ్చిరోలి జిల్లా): మేం ఇక్కడ ఇలాంటి వైన్ పందెం పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోకూడదు. మీ జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, వైన్‌కూ మినహాయింపు లేదు. నది దాటి కాళేశ్వరం వైపు నుంచి తేవడమూ నేరమే. నాలుకకు తర్ఫీదు మాత్రం ఇంట్లోనే ఇవ్వొచ్చు. ఒకే టీపొడి, పాలూ చక్కెరా లేకుండా, మూడు గ్లాసుల్లో 2, 5, 10 నిమిషాలు నానబెట్టి వడగట్టండి. గ్లాసుల అడుగున నంబర్లు అంటించి ఎవరిచేతనైనా కలిపించండి. చల్లారాక వగరు తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టండి. మూడుసార్లు తప్పులేకుండా పెట్టగలిగారంటే ఎర్ర వైన్‌లో వగరు ఎక్కడ మొదలవుతుందో మీ నాలుకకు తెలిసినట్టే.