అడవిలో పెయింట్‌బాల్ ఆడబోతున్న మేనకోడలికి

చిరంజీవి ప్రసన్నకు మామయ్య ఆశీస్సులు.

అక్టోబరు చివరి శనివారం నువ్వు స్నేహితులతో కలిసి న్యూ హాంప్‌షైర్ అడవుల్లో పెయింట్‌బాల్ ఆడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వంగానూ, ఇంకోపక్క గుబులుగానూ ఉంది. రంగు నింపిన గోళీలను గన్లతో ఒకరిమీద ఒకరు కాల్చుకునే ఈ ఆట పుట్టింది అమెరికాలోని ఆ రాష్ట్రంలోనే. 1981 జూన్ 27న హెన్నికర్ అనే ఊరి దగ్గర అడవిలో పన్నెండు మంది, చెట్లకు రంగు గుర్తులు వేయడానికి వాడే నెల్‌స్పాట్ పిస్టళ్ళు పట్టుకుని మొదటి ఆట ఆడారు. జెండాలన్నీ చేజిక్కించుకుని గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి. అతను ఒక్కసారి కూడా పిస్టల్ పేల్చకుండానే గెలిచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే నేను నీకు గురి గురించి ఏమీ రాయడం లేదు. ఎలా కదలాలో, ఎలా కదలకుండా ఉండాలో మాత్రమే రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు మైదానం వాళ్ళే చెబుతారు: గన్‌లోంచి వచ్చే గోళీ వేగం సెకనుకు 300 అడుగులు దాటకుండా చూసుకోవడం, ఆట ఆగగానే బ్యారెల్‌కు తొడుగు వేయడం, చీలమండను పట్టి ఉంచే బూట్లు వేసుకోవడం.

నువ్వు కొన్న దుస్తుల ఫోటో మీ అమ్మ నాకు పంపింది. ముదురాకుపచ్చ మచ్చల ఆ చొక్కా జూలైలో బాగా పనికొస్తుంది గానీ అక్టోబరు చివరికి అక్కడి మేపుల్ చెట్లు చాలావరకు ఆకు రాల్చేస్తాయి, ఓక్ చెట్ల మీద మిగిలిన ఆకు తుప్పు రంగుకు తిరుగుతుంది, నేలంతా గోధుమ రంగు పరుచుకుంటుంది. ఏడాదంతా పచ్చగా ఉండే పైన్, హెమ్లాక్ చెట్ల కింద తప్ప ఆ పచ్చ చొక్కా ఎంత దూరానికైనా కనబడిపోతుంది. వెలిసిపోయిన గోధుమ రంగు పాత చొక్కా, అదే రంగు చేతి తొడుగులు నీకు అంతకంటే మేలు. తెల్లటి అరచేయి కదిలినా చాలు, ఎదుటివాడి చూపు అటే వస్తుంది.

రంగు కంటే కదలిక ముఖ్యం. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో మా సుబేదారు గారు కొందరు క్యాడెట్లను పొదల్లో దాచి, మిగతావారిని ఒక గట్టు మీద వరుసగా నిలబెట్టి వెతకమనేవారు. ఆకారం, నీడ, మెరుపు, ఆకాశం మీద పడే రూపురేఖ, కదలిక, ఇలా వస్తువులు ఎందుకు కంటపడతాయో ఆయన పాఠంలా వల్లె వేయించేవారు. నాకు గుర్తున్నంతవరకు, దొరికిపోయిన క్యాడెట్లలో ఎక్కువమంది చీమ కుట్టిందనో, మెడ నొప్పెట్టిందనో కదిలినవాళ్ళే.

ఆ ఋతువులో ఎండుటాకు మీద పడే ప్రతి అడుగూ చప్పుడు చేస్తుంది. గాలి వీచినప్పుడో, వేరేచోట కాల్పులు జోరుగా సాగుతున్నప్పుడో మాత్రమే కదులు. బరువు మోపే ముందు ఆకుల కింద ఎండుపుల్ల ఉందేమో బూటు ముందుభాగంతో తడిమి చూసుకో. పరిగెత్తక తప్పనప్పుడు, తరువాత ఏ చెట్టు వెనక ఆగాలో లేవకముందే నిర్ణయించుకుని, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అక్కడికి చేరు. ఒకసారి తల బయటపెట్టిన చోట రెండోసారి పెట్టకు.

ఆ అడవుల్లో అడుగడుగునా పాత రాతిగోడలు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో అవి చాలావరకు పొలాల, గొర్రెల బీళ్ళ సరిహద్దులు. రైతులు వదిలి వెళ్ళాక అడవి మళ్ళీ పెరిగింది. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు గానీ, కొత్తవాళ్ళందరూ గోడ మీదుగా తల ఎత్తి చూస్తారు, వెనక ఉన్న ఆకాశం వాళ్ళ తలను పట్టిస్తుంది. నువ్వు రాళ్ళు జారి సందు పడిన చోటు వెతుక్కుని, నేలకు ఆనుకుని పక్కనుంచి చూడు. సాయంత్రమయ్యేకొద్దీ సూర్యుడు నైరుతి వైపు బాగా కిందికి దిగుతాడు. అతన్ని వీపు వెనక ఉంచుకుంటే ఎదుటివాడి కళ్ళు చెదురుతాయి, నీ మాస్కు లెన్సు మెరవదు. పొద చాటున ఉంటే సన్నటి కొమ్మలకు తగిలి చాలా గోళీలు నీదాకా రాకుండానే పగిలిపోతాయి. అయితే ఆ పొదలోంచి నువ్వు కాల్చినా అంతే, నీ గోళీ నీ ముందే పగిలి నువ్వున్న చోటును చూపిస్తుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. మా పెయింట్‌బాల్ జట్టులో ఒక తెలుగు కుర్రవాడు ఉండేవాడు, పేరు వద్దులే. దాక్కోవడంలో అతని ఓపిక మాలో ఎవరికీ లేదు. ఒక నవంబరు మధ్యాహ్నం కూలిన గోడ మూలలో, ఎండిన ఫెర్న్ ఆకుల మధ్య బోర్లా పడుకుని చాలాసేపు కదలలేదు. ఎదుటి జట్టువాళ్ళు అతని పక్కనుంచే నడిచి వెళ్ళారు. బయట చలి, లోపల వెచ్చటి ఊపిరి, లెన్సు లోపలంతా ఆవిరి పట్టేసింది. మెరవకూడదని మాస్కు మీద అంటించుకున్న ఆకులు, గుడ్డపీలికలు గాలి రంధ్రాలను కూడా మూసేశాయి. చుట్టూ ఎవరూ లేరు కదా అని మాస్కును నుదుటి మీదికి జరిపి, చొక్కా అంచుతో లెన్సు తుడవబోయాడు. వాగుకు అవతల ఇద్దరు ఒకరినొకరు కాల్చుకుంటున్నారు. దారితప్పిన గోళీ ఒకటి వచ్చి అతని ఎడమ కంటికి తగిలింది.

ప్రసన్నా, అతను అక్కడ ఉన్నాడని తెలిస్తే ఆ ఇద్దరూ గన్ దించేవాళ్ళు, రెఫరీ ఈల వేసేవాడు. అంత బాగా దాక్కున్నాడు కాబట్టే అతన్ని కాపాడగలిగినవాళ్ళకు కూడా కనబడలేదు. క్రికెట్ బంతి ముఖానికి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక కొంతైనా ఆపుతుంది. ఈ గోళీ వ్యాసం 17 మిల్లీమీటర్లే, నేరుగా కంటిగుంటలోకి దూరిపోతుంది. నల్లగుడ్డు ముందు రక్తం నిండింది. డాక్టర్లు కన్ను నిలబెట్టారు గానీ చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ భోజనాల దగ్గర ఎడమవైపు కూర్చుని పలకరిస్తే, తల మొత్తం తిప్పి చూస్తాడు.

నీ విషయంలో ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీకు ఏడేళ్ళప్పుడు తెనాలిలో దాగుడుమూతలాడుతూ గడ్డివాము సందులో దూరి, చీకటి పడి అందరం లాంతర్లతో వెతుకుతూ పిలుస్తున్నా పలకలేదు. మీ అమ్మ ఏడుస్తుంటే గడ్డి దులుపుకుంటూ వచ్చి, గెలిచింది నేనేనని వాదించిన పిల్లవి నువ్వు. ఆ పట్టుదలంటే నాకు ఇష్టం. భయం కూడా దానివల్లే. లెన్సు ఆవిరి పట్టి ఏమీ కనిపించకపోతే, ఎంత మంచి చోట దాక్కుని ఉన్నా సరే, చెయ్యి పైకెత్తి గట్టిగా అరిచి ఆటలోంచి తప్పుకో. రెఫరీ నిన్ను మైదానం చుట్టూ కట్టిన వల అవతలికి తీసుకువెళ్ళేదాకా మాస్కు మీద వేలు పెట్టకు. దీంట్లో నీ వాదన వినను తల్లీ.

మెరుపు తగ్గించాలంటే మాస్కు గట్టి అంచుల మీద గోధుమ రంగు గుడ్డ టేపు వేసుకో, గాలి రంధ్రాలను వదిలెయ్యి. లెన్సుకు స్ప్రే రంగు అసలు కొట్టకు. అందులోని ద్రావకాలకు పాలీకార్బొనేట్ బలహీనపడుతుంది.

ఇంకో మాట. శరదృతువులో ఆ చుట్టుపక్కల జింకల వేట సాగుతుంది. ఆ గోధుమ రంగు దుస్తులతో మైదానం హద్దు దాటి అడవిలోకి ఒక్క అడుగు కూడా వేయకు. కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు పైన ఏదైనా నారింజ రంగు జాకెట్ తొడుక్కో. చలి మొదలైనా జింక పిడుదులు తిరుగుతూనే ఉంటాయి, వాటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, జుట్టు మొదళ్ళలో చూసుకో. పిడుదు కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యి.

ఆవిరి పట్టకుండా రెండు పొరల లెన్సున్న కొత్త మాస్కు ఒకటి కొని నీ చిరునామాకు పంపాను. రాగానే పెట్టుకుని, తల గట్టిగా అటూ ఇటూ విదిలించి చూడు. ఏమాత్రం జారినా పట్టీ బిగించుకుని, సరిపోయిందో లేదో ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. సరిపోకపోతే మార్చడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఇట్లు,
మీ మామయ్య