పాప స్ట్రింగ్స్ అరేంజర్ అవుతానంటోంది, ఇంటర్ మాన్పించి చెన్నై పంపాలా?

విజయనగరం నుంచి ఒక తల్లి రాశారు. పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది, ఊళ్లోని సంగీత కళాశాలలోనే. "వాళ్ల నాన్నగారికి ఇంజినీరింగే కావాలి. పాపేమో సినిమాలకు మ్యూజిక్ చేస్తాను, ముందు స్ట్రింగ్స్ అరేంజర్‌గా చేరతాను, ఇంటర్ మాన్పించి చెన్నై పంపండి అంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఆడపిల్లని అంత దూరం పంపొచ్చా? రోజూ ఇంట్లో ఇదే గొడవ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అన్నారు.

అమ్మా, ఇంటర్ మాన్పించకండి. చెన్నై కూడా ఇప్పుడే వద్దు. అయితే పాప అడుగుతున్నది పిల్లచేష్ట అని మాత్రం అనుకోకండి. ఆ వయసులో చాలామంది నేరుగా మ్యూజిక్ డైరెక్టర్ అయిపోతాననే అంటారు, మీ పాప అరేంజర్ అనే మాట వాడిందంటే ఆ పని ఎలా జరుగుతుందో కొంత తెలుసుకునే మాట్లాడుతోంది. మీ వారికి ఈ మాట చెప్పండి.

ఆ పనేమిటో మీకు కూడా తెలియాలి. సంగీత దర్శకుడు ట్యూన్ కడతాడు, కీబోర్డు మీద కార్డ్స్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాలు), రిథమ్ పెట్టి ఒక రూపం ఇస్తాడు. పాట మధ్యలో, చరణానికి ముందు వచ్చే బిట్లలో, సినిమా ఆర్‌ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, వయొలిన్ల గుంపు లేస్తుంది చూడండి, దాన్ని ఫస్ట్ వయొలిన్లకు ఇది, సెకండ్ వయొలిన్లకు ఇది, వయొలిన్ కంటే పెద్దవైన వయోలాకి, చెల్లోకి, డబుల్ బేస్‌కి ఇది అని విడివిడిగా స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపిలో, రాసి వాయించేవాళ్ల ముందు స్టాండ్ల మీద పెట్టేవాళ్లు అరేంజర్లు. కొందరు సంగీత దర్శకులు ఇదంతా తామే రాసుకుంటారు. ఇళయరాజా గారు అలా తన చేత్తో స్కోర్ (అన్ని వాయిద్యాల స్వరాలూ ఉండే కాగితం) రాసే మనిషి, చెన్నైలో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేష్ గారి దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి వచ్చారు. కీరవాణి గారు కూడా చక్రవర్తి గారి దగ్గర అసిస్టెంట్‌గా మొదలుపెట్టినవారే, ఆస్కార్ 2023లో వచ్చింది. నేరుగా పోస్టర్ మీద పేరు చూసుకునే దారి కోసం వెతక్కండి, ఎవరో ఒకరి దగ్గర కొన్నేళ్లు రాసే దారే ఎక్కువమందికి దొరుకుతుంది.

మరి పాపకు ఇప్పుడేం ఉంది, ఏం లేదు? రాగజ్ఞానం ఉంది, చెవి ఉంది, వయొలిన్ విల్లు చేతిలో ఉంది. లేనిది స్టాఫ్ నొటేషన్, హార్మొనీ. మన కర్ణాటక శిక్షణలో ఒకే గీతలో రాగం నడుస్తుంది, నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు స్వరాలు పట్టుకుని నిలబడటం అనేది అందులో లేదు. ఆ లోటు చెన్నై వెళ్తేనే తీరుతుందని లేదు. సంగీత పరీక్షలు పెట్టే బ్రిటిష్ సంస్థలు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లు, ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్లు 1 నుంచి 8 దాకా గ్రేడ్లలో థియరీ పరీక్షలు పెడతారు, ఆన్‌లైన్‌లో టీచరు దొరికితే ఇంట్లో కూర్చునే చదవొచ్చు. డిగ్రీలో చేరేనాటికి 5వ గ్రేడ్ థియరీ నిజంగా అర్థమై ఉంటే చాలా దూరం వచ్చినట్టే. సర్టిఫికెట్ చూసి సినిమావాళ్లు ఎవరూ పని ఇవ్వరు, కానీ ఆ చదువు లేకపోతే స్టాండ్ మీద పెట్టే కాగితం తప్పులతడక అవుతుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది పాపకే చూపించండి. మోహన రాగం తీసుకోమనండి. సరిగపద, ఐదు స్వరాలు. ఆ ఐదింటితోనే మూడు స్వరాల మామూలు కార్డులు ఎన్ని కట్టొచ్చు? రెండే వస్తాయి, సగప ఒకటి, దసగ ఒకటి. మొదటిది వెలుగుగా ఉంటుంది, రెండోదాంట్లో కొంచెం దిగులు ఉంటుంది. మూడు నిమిషాల పాటని రెండు కార్డుల మీద నడపాలంటే ఏం చేయాలి? మధ్యమమో నిషాదమో తెస్తే కొత్త కార్డులు బోలెడు దొరుకుతాయి, కానీ మోహన వాసన పోతుంది. అది పోనిచ్చి పాటకు కావలసిన మలుపు తెస్తావా, లేక చెల్లోలో షడ్జమం అలా పట్టి ఉంచి పైన వయొలిన్లను కదిలిస్తావా? ఆ తేల్చుకోవడమే అరేంజర్ పని. తర్వాత ఆ స్వరాలను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చదువు, ఎందుకంటే కీబోర్డు మీద ఎడమచేత్తో బాగా కింద సగప నొక్కితే అంతా ముద్దగా వినిపిస్తుంది, అదే చెల్లోకి స, వయోలాకి ప, సెకండ్ వయొలిన్లకు పైస్థాయిలో గ ఇచ్చి విడదీస్తే శుభ్రంగా తెరుచుకుంటుంది, పాడేవాళ్ల గొంతుకి మధ్యలో చోటు కూడా మిగులుతుంది.

గమకాల సంగతి కూడా అంతే. ఒక్క వయొలిన్ మీద పాప వేసే గమకం బాగుంటుంది. పన్నెండుమంది ఎవరి ఊపులో వాళ్లు అదే గమకం వేస్తే గోల అవుతుంది. అందుకే గుంపుకి ఊపు లేని నిలకడ స్వరాలు రాసి, గమకాన్ని సోలో వయొలిన్‌కి వదిలే పద్ధతి ఉంది. మనం కింద కూర్చుని సపసప శ్రుతిలో పెట్టుకుని వాయిస్తాం, స్టూడియోలో వయొలిన్ల గుంపులో, అంటే సెక్షన్‌లో, కూర్చునేవాళ్ల తీగలు పాశ్చాత్య స్వరాలు జి, డి, ఎ, ఇ. పాప ఆ పద్ధతిలో వాయించకపోయినా ఫరవాలేదు, కానీ ఆ తీగల మీద ఏది సులువుగా పలుకుతుంది, ఏది వేళ్లకు కష్టం అన్నది తెలియకుండా రాయకూడదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్య ధ్వనులతో) స్ట్రింగ్స్ చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. శాంపిల్ ఏది రాసినా వాయించేస్తుంది, ఊపిరి తీసుకోదు, విల్లు మార్చదు, చేతకాదని చెప్పదు. నిజం మనుషులు వాయిస్తే తాము రాసింది ఎలా వినిపిస్తుందో వాళ్లలో చాలామంది ఎన్నడూ విని ఉండరు. మీరు ఉన్న ఊరేమో 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల గారు వచ్చి చదువుకున్న చోటు. పాప తోటి పిల్లల్లోనే వయొలిన్ వాయించేవాళ్లు ముగ్గురు దొరుకుతారు కదా! అది ఎంత పెద్ద ఆస్తో ఆ అమ్మాయికి తెలియడం లేదు. మూడు వయొలిన్లకు రాయమనండి, చెల్లో దొరక్కపోతే కింది గీతను కీబోర్డు మీద వాయించుకోవచ్చు. ఆ పిల్లలకు స్టాఫ్ రాకపోతే వాళ్ల కాపీలు సరిగమల్లోనే రాసివ్వాలి, తన స్కోర్ మాత్రం స్టాఫ్‌లోనే ఉండాలి. మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు, కాబట్టి లక్షలు పోసి స్టూడియో కొనకండి. వాళ్లు చూసి వాయించేటప్పుడు ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ పేజీ తిప్పలేక తడబడ్డారు, ఎక్కడ విల్లు చాలలేదు, అవన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని మళ్లీ రాయాలి. స్టూడియోలో సెక్షన్ మొత్తం కూర్చున్నాక ఒక బార్‌లో (తాళం ఒక ఆవర్తం లాంటి చిన్న ముక్కలో) తప్పు దొర్లితే అంతమంది టైమూ పోతుంది, ఆ డబ్బు నిర్మాతది. అక్కడ ముందుగా రిహార్సల్ ఉండదు, కాగితం చూసి అప్పటికప్పుడు వాయించేస్తారు.

డబ్బు సంగతి. నెల జీతం ఉండదు, పాటకో సినిమాకో ఇంత అని మాట్లాడుకుంటారు, చేతికి రావడం ఆలస్యమవుతుంది. మొదటి కొన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పడం, భక్తి పాటల ఆల్బమ్‌లు, షార్ట్ ఫిల్మ్‌లు, ప్రకటనలు, ఇలా పోగేసుకోవాలి. శాంపిల్స్ వచ్చాక లైవ్ స్ట్రింగ్స్ పని తగ్గిన మాట నిజం, పెద్ద బడ్జెట్ సినిమాలవాళ్లు హంగేరీలోని బుడాపెస్ట్ లాంటి చోట్ల ఆర్కెస్ట్రాలతో కూడా రికార్డింగ్ చేయించుకుంటున్నారు, అక్కడికి వెళ్లేది కూడా స్టాఫ్ నొటేషనే. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక సినిమా పాట కట్టినవారికి, రాసినవారికి రాయల్టీలో వాటా హక్కు వచ్చింది. అరేంజర్‌కి మాత్రం మామూలుగా ఒకసారి ఇచ్చే ఫీజే. అందుకని ఫీజెంత, ఎన్నిసార్లు మార్చి ఇవ్వాలి, పేరు వేస్తారా లేదా అన్నది పని మొదలుపెట్టే ముందే మెయిల్‌లో రాయించుకోవడం అలవాటు చేయండి.

ఆడపిల్ల అని మీరు పడే భయం నాకు అర్థమైంది. రాత్రి సెషన్లు ఉంటాయి, అబద్ధం చెప్పను. కాకపోతే రాసే పనిలో చాలా భాగం ఇప్పుడు ఫైళ్లు పంపించుకుంటూ ఇంటి నుంచే సాగుతుంది. చెన్నై మాట డిగ్రీ తర్వాత చూద్దాం, రెహమాన్ గారు పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ అనే సంగీత విద్యాలయం లాంటి చోట చేరితే తోటి పిల్లలు, టీచర్లు అనే ఒక గూడు ఉంటుంది. ఎవరో తెలియని స్టూడియోలో అసిస్టెంట్‌గా ఒంటరిగా పంపడం వేరు, ఇది వేరు.

ఇంజినీరింగా కాదా అన్నది ఇవాళే తేల్చేయకండి. ఎంపీసీ పూర్తి చేస్తే బీటెక్, బీఎస్సీ, డిగ్రీ అయ్యాక పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు, అన్నీ తెరిచే ఉంటాయి. బీటెక్‌లో చేరితే వారంలో పది, పన్నెండు గంటలు సంగీతానికి దొరకడం కష్టమే, అంత సమయం ఇవ్వడానికి వాళ్ల నాన్నగారు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి, చేరాక అడిగితే గొడవే. వచ్చే వేసవి సెలవుల్లోపు పాప రాసిన రెండు నిమిషాల ముక్క ఒకటి, ముగ్గురు వయొలిన్లు వాయించగా ఫోన్‌లో రికార్డు చేసి, ఆ స్కోర్ కాగితాలతో సహా నాకు పంపించండి. మొదటి కాపీ, దిద్దిన కాపీ రెండూ కావాలి. అవి చూశాక మీరిద్దరూ, పాపా ఒకసారి రండి, ఏ డిగ్రీ, ఎక్కడ అన్నది వాళ్ల నాన్నగారి ముందే మాట్లాడుకుందాం.