సీటొస్తే చేరుతుందా? ముందు ఆ అమ్మాయిని అది అడగండి

చిత్తూరులో సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మీ చెల్లెలికి కాలేజీ టెస్టుల్లో మార్కులు అంతంత మాత్రమే, లెక్చరర్లు ఈఏపీసెట్ చూసుకోమంటున్నారు, నాన్నేమో ఊరికే ఫీజులు కట్టడమెందుకంటున్నారు, ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) లాంటి వాటికి అప్లై చేయించాలా వద్దా అని అడిగారు కదా. చేయించండి. అయితే సీటొస్తే కచ్చితంగా చేరతాను అనుకున్న వాటికే.

మాది చంద్రగిరి పక్కన పల్లె. మా కాలేజీలోనూ ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు చేసేవాళ్లు, కింది సెక్షన్ వాళ్లకు ఇలాంటి పరీక్షల ఊసే ఎత్తేవాళ్లు కాదు. నాకు ఫిజిక్స్ అంటే ప్రాణం, కానీ గబగబా లెక్కలు తేల్చడం చేతకాదు, అందుకే వారం వారం టెస్టుల్లో ఎప్పుడూ వెనకే. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో తిరుపతికి వచ్చాయి, ఏర్పేడు దగ్గరే ఉన్నాయి, అయినా ఐసర్లకు ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అని వేరే ప్రవేశ పరీక్ష ఉంటుందని మా ట్యూషన్ సార్ చెప్పేదాకా నాకు తెలీదు. ఆ ఒక్క పరీక్షతోనే దేశంలోని ఏడు ఐసర్లకూ పోటీ పడొచ్చు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తలా 15. బయాలజీ పేరు వినగానే ఎంపీసీ పిల్లలు వదిలేస్తారు. నేను ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో జెనెటిక్స్, ఎకాలజీ మటుకు చదువుకుని, మిగతా 45 ప్రశ్నల మీదే భారం వేశాను. తప్పు రాస్తే మార్కు పోతుంది కాబట్టి తెలియనివి ముట్టుకోలేదు. సీటొచ్చింది.

కానీ అక్కడిది ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపి), ల్యాబులు, రీసెర్చి. నాలుగేళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతికి రావాలనుకునే అమ్మాయికి అది నచ్చదు, అప్పుడు ఆ ఫారం నింపకపోయినా నష్టం లేదు. ఇదంతా మీరూ నాన్నా తేల్చేసేది కాదు, ఆమెనే కూర్చోబెట్టి అడగండి.

నాన్నగారి భయం ఫీజు గురించే అయితే ఈ లెక్క చెప్పండి: ఐఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు, ఇంటి ఆదాయం లక్ష లోపైతే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ట్యూషన్ ఫీజు ఉండదు. హాస్టల్, మెస్ ఖర్చు వేరే, అది కూడా కలిపి చూసుకోండి. ఐఐటీ సీటు కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలంటే ముందు జేఈఈ మెయిన్‌లో మొదటి రెండున్నర లక్షల మందిలో ఉండాలి, కాబట్టి అడ్వాన్స్‌డ్ దరఖాస్తు ఫీజు గురించి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు.

ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి. మీరు బీసీ అయితే రాష్ట్రంలో వాడే కుల ధ్రువీకరణ పత్రం వీటికి చెల్లదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ ఇదే తేదీ. అది లేకపోతే కౌన్సెలింగ్‌లో ఓపెన్ కేటగిరీలోకి పోతారు, ర్యాంకొచ్చీ సీటు జారిపోతుంది. పరీక్షల హడావుడిలో ఆ అమ్మాయిని తిప్పకుండా, ఏప్రిల్ మొదటి వారంలోనే మీరే గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లి దరఖాస్తు పెట్టండి.

ఈఏపీసెట్ ఎలాగూ రాస్తుంది, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చాలావరకు అవే పాఠాలు, ఈ చదువు దానికీ పనికొస్తుంది. ఆమెకు ఏ సబ్జెక్టు ఇష్టమో కనుక్కుని రాయండి, ఇంకా ఏ పరీక్షలు చూడొచ్చో చెప్తాను.