మంగళవారమే చెప్పాల్సిన మాట

ప్రశ్న: అక్కా, ఎమ్మెస్ అయ్యాక డాలస్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉన్నాను. ఇచ్చిన పని పూర్తి చేయడానికి రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నాను. అయినా మొన్న రివ్యూలో మేనేజర్ ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అన్నాడు. నా ఇంగ్లిష్ బాగానే ఉంటుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం పోతుందా?

తమ్ముడూ, ముందు కాస్త స్థిమితపడు. రివ్యూలో ఒక మాట అన్నంత మాత్రాన ఉద్యోగం పోదు. అలాగని ఆ మాటను తేలిగ్గానూ తీసుకోకు.

కమ్యూనికేషన్ అనగానే మనవాళ్లం ఇంగ్లిష్ గురించే అనుకుంటాం. యాస మార్చుకోవాలని వీడియోలు చూస్తూ కూర్చుంటాం. మీ మేనేజర్‌కి కావలసింది వేరు. నీ పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తను అడక్కుండానే తనకి తెలియాలి.

నేను టెక్సస్ వచ్చిన మొదటి ఏడాది ఒక ప్రాజెక్టులో శుక్రవారానికి ఇవ్వాల్సిన మాడ్యూల్ ఒకటి నాకు అప్పజెప్పారు. మంగళవారం మధ్యాహ్నం డేటాబేస్ దగ్గర ఆగిపోయింది. ‘అలాంటి టేబుల్ గానీ వ్యూ గానీ లేదు’ అని ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ ఎర్రర్ చూపిస్తోంది. పర్మిషన్ లేకపోయినా ఒరాకిల్ అదే మాట చెబుతుందని నాకప్పుడు తెలియదు. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని టేబుల్ పేరు మార్చి మార్చి రాశాను. రెండు రాత్రులు నిద్ర లేదు. స్టేటస్ మీటింగులో అడిగిన ప్రతిసారీ ‘దాదాపు అయిపోయింది’ అన్నాను. శుక్రవారం సాయంత్రం టీమ్ లీడ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్క్రీన్ చూసి డేటాబేస్ బాధ్యత చూసే డీబీఏకి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో పర్మిషన్ వచ్చింది, కోడ్ నడిచింది. ఆయన కోప్పడలేదు. ‘ఇది ఎప్పుడు ఆగింది?’ అని మాత్రం అడిగాడు. మంగళవారం అన్నాను. ఇంకేమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ వారం రిలీజ్ మాత్రం ఆగిపోయింది.

ఈ అలవాటు మనకి ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఇంటర్‌లో క్లాసు నిండా ఉన్న పిల్లల మధ్య లేచి డౌట్ అడిగితే ‘ఇది కూడా రాదా’ అంటారని భయం. రాత్రి హాస్టల్లో పక్కవాణ్ని అడిగి గట్టెక్కేవాళ్లం. ఇక్కడ నోరు విప్పకపోతే అన్నీ వచ్చనుకోరు, ఏం జరుగుతోందో తెలియక కంగారు పడతారు. ‘గురువారానికి అవుతుందా’ అంటే తల ఊపి సరే అనేస్తాం చూడు, అదీ ఇలాంటిదే. మన లెక్కలో దానర్థం ‘విన్నాను, ప్రయత్నిస్తాను’ అని. అవతలి మనిషి దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుని పైవాళ్లకి తేదీ చెప్పేస్తాడు. అనుమానముంటే ‘ఫలానాది తేలితే గురువారం, లేదంటే సోమవారం’ అని అప్పుడే చెప్పు.

నేను ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. పూట గడిచినా పని కదలకపోతే టీమ్ ఛానల్‌లో నాలుగు ముక్కలు రాస్తాను: ఏం చేయబోయాను, ఎక్కడ ఆగింది, ఏమేం ప్రయత్నించాను, ఎవరి సాయం కావాలి. ఏమేం ప్రయత్నించావో ఉంటే చాలు, నువ్వు బద్ధకించావని ఎవరూ అనుకోరు. రాస్తుండగానే జవాబు తట్టిన రోజులూ ఉన్నాయి. రాత్రి పదకొండు దాకా నువ్వు కూర్చున్నది ఎవరికీ కనిపించదమ్మా, ఈ నాలుగు ముక్కలు కనిపిస్తాయి.

ఇక మేనేజర్‌తో వన్-ఆన్-వన్, అంటే మీరిద్దరే కూర్చుని మాట్లాడుకునే మీటింగు. ‘అంతా బాగుంది’ అని అయిదు నిమిషాల్లో ముగించి వచ్చేవాళ్లు మనలో చాలామంది. ఆ సమయం నీది. ఈసారి వెళ్లినప్పుడు ‘కమ్యూనికేషన్ అన్నారు కదా, ఏ సందర్భంలో అలా అనిపించింది?’ అని అడుగు. ఒక్క ఉదాహరణ రాబట్టు. బయటికి వచ్చాక ‘మీరు చెప్పింది ఇది, నేను మార్చుకోబోయేది ఇది’ అని రెండు వాక్యాల మెయిల్ పెట్టు. రేపు ఎవరైనా ‘చెప్పినా మారలేదు’ అంటే చూపించడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఉద్యోగం గురించి అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కారణం చెప్పకుండానే తీసేయవచ్చు. కాబట్టి నీ లెక్క నీ దగ్గర ఉండాలి. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఓపీటీ మొదలైన తేదీకి, నువ్వు చేరిన తేదీకి మధ్య గడిచిన రోజులు కూడా అందులోకే వస్తాయి. స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు చదివినవాళ్లకి ఓపీటీ పొడిగింపు) వస్తే రెండూ కలిపి 150. ఆ 24 నెలల ఎక్స్‌టెన్షన్‌కి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ ఫారం మీద సంతకం చేయాలి. నీకు ఎనిమిది నెలలైందంటే ఆ మాట హెచ్ఆర్‌ని అడగాల్సిన సమయం వచ్చేసింది.

ఒకవేళ ఉద్యోగం పోతే, రెజ్యూమెలో ఏడేళ్ల అనుభవం పెట్టి ప్రాజెక్టు ఇప్పిస్తామని కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వస్తాయి. అద్దె కట్టాల్సిన నెలలో అది చాలా తీయగా వినిపిస్తుంది. వెళ్లకు తమ్ముడూ, నిన్ను బతిమాలుతున్నాను. లేని అనుభవం చూపించి వీసా తెచ్చుకున్నట్టు తేలితే ఈ దేశంలోకి శాశ్వతంగా రానివ్వకపోవచ్చు. అంతకంటే ముందే, రాని పని వచ్చని చెప్పి చేరినవాడు ఆగిపోయిన పనిని ఎవరికీ చెప్పుకోలేడు.

నీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి ఈ వారమే మెయిల్ రాసి ఆ 90లో ఎన్ని రోజులు వాడేశావో కనుక్కో. వన్-ఆన్-వన్ అయ్యాక మేనేజర్ ఏ ఉదాహరణ చెప్పాడో నాకు రాయి.