ఆపిల్ పై లిక్కర్ అడుగున జిగట, ఘాటు లేకపోవడం

ఇంట్లో చేసిన ఆపిల్ పై లిక్కర్ ("ఆపిల్ పై" అనే తీపి వంటకం రుచి వచ్చేలా ఆపిల్ రసం, దాల్చినచెక్క, వోడ్కాతో చేసే మద్యం) సీసా అడుగున జిగట చేరిందని, ఘాటు కూడా లేదని అడిగారు. ఆ జిగటకు కారణం మీరు వేసిన దాల్చినచెక్క పొడి. తడి తగిలితే అది బంకలా ఉబ్బుతుంది, ఎంత వడకట్టినా పూర్తిగా పోదు. ఘాటు తగ్గడానికి కారణం మాత్రం వేరు: పొయ్యి మీద మరుగుతున్న రసంలోనే వోడ్కా పోశానన్నారు కదా, అక్కడే పోయింది. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది.

ఈసారి ఇలా చేయండి:

1. 2 లీటర్ల ఆపిల్ రసం, కప్పు చక్కెర, 4 దాల్చినచెక్క ముక్కలు, 3 లవంగాలు. పొడి వద్దు. సన్నని మంట మీద 20 నిమిషాలు.

2. దించి, చెక్కలు తీసేసి చల్లారనివ్వండి. అందరూ తొందరపడేది ఇక్కడే. గోరువెచ్చగా ఉన్నా సరే, ఆగండి. గిన్నె అడుగున చెయ్యి పెడితే చల్లగా తగలాలి. వేడి రసంలో పోస్తే ఘాటు పోవడమే కాదు, లేచే ఆవిరికి పక్కన మంట తగిలితే భగ్గుమంటుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

3. అప్పుడు 40 శాతం వోడ్కా 750 మి.లీ. కలపండి. మొత్తం మీద దాదాపు 11 శాతం వస్తుంది. ఇంకా ఘాటు కావాలంటే రసం తగ్గించండి.

4. సీసాలో పోసి, ఫ్రిజ్‌లో కనీసం వారం.

ఇప్పుడున్న సీసా పారబోయకండి. రెండు రోజులు కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచి, పైన తేరిన భాగాన్ని మెల్లగా పలుచటి గుడ్డలోంచి వంచండి. గుడ్డను పిండొద్దు, పిండితే బంకంతా మళ్లీ దిగుతుంది.