సైడ్ వీల్స్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి తిరుపతికి రా అల్లుడూ

అల్లుడూ,

అక్క ఫోన్ చేసింది. నీ యాక్టివాకు వెనక సైడ్ వీల్స్ వేయించి మూడు చక్రాల బండి చేసేద్దామని ఎవరో మెకానిక్‌తో మాట్లాడేసినావంట, అడ్వాన్సు మాత్రం ఇంకా ఇవ్వలేదంట. ఇవ్వకపోవడమే మంచిదైంది. పోలియో కాళ్లతో ముప్పై ఏళ్లుగా అట్లాంటి బండి మీదే తిరుగుతున్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్లో చెబితే "ఊఁ మామా, ఊఁ మామా" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం. (మూడు చక్రాలు అంటాం గానీ లెక్కపెడితే నాలుగు. వెనక చక్రం దాని చోట అదే ఉంటుంది, దానికి చెరో పక్కా ఒకటి వస్తుంది.)

ముందు ఒక్క సంగతి తేల్చుకో. నీకు కష్టం బండి నడిచేటప్పుడా, ఆగేటప్పుడా? నాకు తెలిసి నీకు ఆగేటప్పుడే. సిగ్నల్ దగ్గర ఎడమకాలు దించగానే ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేసిన చోట జివ్వుమంటుంది, నూరు కేజీలు దాటిన బండి అటు వాలుతుంది, నీకు చెమట పడుతుంది. దానికి తోడు మన రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉండి అంచుకు వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమ పక్క నేల ఇంకొంచెం కిందికి అందుతుంది. సరే, కుడికాలు బాగానే ఉంది కదా? యాక్టివాకు రెండు బ్రేకులూ చేతిలోనే ఉన్నాయి, కుడికాలికి ఏ పనీ లేదు. ఆగేటప్పుడు కుడికాలు దించడం నేర్చుకోరాదా? ఇన్నేళ్ల అలవాటు మార్చుకోవాలి, వారం పది రోజులు తిక్కగా ఉంటుంది, అంతే. ఇంకో పని, సీటు కవర్లు కుట్టే అంగడికి పోయి ఫోమ్ రెండంగుళాలు కోయించి మళ్లీ కవర్ వేయించు, పాదం పూర్తిగా నేలకు ఆనుతుంది. కొన్ని వందల్లో అయిపోయే పని. ఇది చేసి చూడకుండా వేలు పోసి సైడ్ వీల్స్ కిట్ వేయిస్తానంటే నేను ఒప్పుకోను.

నాకు ఆ వీలు లేదు, రెండు కాళ్లూ అంతంతే. అందుకే ఎప్పుడో పాత కైనెటిక్ హోండా కొని, గేర్లు లేవు, కాలి బ్రేకు లేదు అని సంబరపడి సైడ్ వీల్స్ వేయించినా. ఆ రోజుల్లో వేసినాయన వెల్డింగ్ బాగానే చేస్తాడని పేరు, కానీ ఆయన చేసేది గేట్లూ గ్రిల్సూ. బండి బరువు, గుంతలో పడితే వచ్చే దెబ్బ, ఇవేవీ ఆయన లెక్కలో లేవు. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున ఆరింటికి బైరాగిపట్టెడలో మలుపు తిరుగుతుంటే టక్ మని చిన్న చప్పుడు, అంతే, ఎడమ పక్క చక్రాన్ని పట్టుకునే రాడ్ వెల్డింగ్ దగ్గర విరిగి బండి నా మీద పడింది. చక్రం ఒక్కటే దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. పూలమ్ముకునే ఒక అవ్వ బుట్ట పక్కన పెట్టి ఆ చక్రాన్ని తీసుకొచ్చి, "నీదేనా నాయనా" అని అడిగింది. మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేను. కాబట్టి వేయించే పనైతే చాసిస్‌కు బోల్టులతో బిగించే కిట్ వేయించు, రెండు పక్కలా షాకబ్జర్లు ఉన్నాయో లేదో చూడు, నేరుగా చాసిస్ మీద వెల్డింగ్ కొడతామన్న చోట నుంచి లేచి వచ్చేయ్. వేయించినాక కూడా నెలకోసారి వంగి బోల్టుల చుట్టూ చూడాల. పెయింటు మీద సన్నటి తుప్పు గీత కనబడిందంటే లోపల పగులు మొదలై ఉండొచ్చని అర్థం.

ఇప్పుడు నడపడం గురించి, ఎందుకంటే ఇక్కడే అందరూ మోసపోయేది. రెండు చక్రాల బండి మలుపులో వంగుతుంది, మన ఒళ్లు కూడా దానితో పాటు వంగుతుంది. సైడ్ వీల్స్ ఉన్న బండి వంగదు. ఆటో మాదిరి హ్యాండిల్ తిప్పాల, తిప్పితే బండి లోపలికి వాలకుండా బయటికి తోస్తుంది. రెండు చక్రాల అలవాటులో వేగంగా మలుపు కొట్టినావంటే లోపలి పక్క చక్రం గాల్లోకి లేస్తుంది, అది లేచిన క్షణం గుండె ఎక్కడికి పోతుందో నేను చెప్పలేను. నేను నలభై దాటను, మలుపుల్లో ఇరవై కూడా ఎక్కువే. రోడ్డు వాలు వల్ల హ్యాండిల్ ఎప్పుడూ ఎడమకు లాగుతా ఉంటుంది, మొదటి నెల భుజం నొప్పి ఖాయం. ఇంకొకటి ఎవరూ చెప్పరు. స్పీడ్ బ్రేకర్లు మధ్యలో అరిగిపోయి రెండు అంచుల్లో ఎత్తుగా ఉండే చోట్ల సైడ్ చక్రాలు రెండూ పైకెక్కి, మధ్యలో వెనక చక్రం నేల తాకకుండా ఊరికే గిర్రున తిరుగుతుంది. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా బండి కదలదు. వెనక బ్రేకు ఉండేదీ ఆ చక్రానికే కాబట్టి, బరువంతా పక్క చక్రాలు మోస్తుంటే బ్రేకు కూడా సగమే పడుతుంది. షాకబ్జర్ల టైటు సరిగ్గా పెట్టించుకోవడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసిందా?

కాగితాల విషయం. మెకానిక్ "ఎవరూ అడగరు సార్" అనే ఉంటాడు. నన్ను అడిగినారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోవి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. దివ్యాంగుల కోసం మార్చుకోవడానికి మాత్రం వీలుంది, అదీ ఆర్టీవో ఆఫీసు అనుమతితో. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా మార్పులు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసిపెట్టినారు. అనుమతి కావాలంటే నీ దగ్గర సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం, ఉండాల. 40 శాతం ఉంటే గానీ చాలా పనులకు లెక్కలోకి రాదు, నీ కాలికి ఎంత ఇస్తారో డాక్టరే చెప్పాల. ఆ తర్వాత ఆర్సీలో మార్పు ఎక్కించుకోవాల, లైసెన్సు కూడా ఆ తరగతికి మార్పించుకోవాల, టెస్టు ఆ బండి మీదే ఇవ్వాల. ఇన్సూరెన్సు వాళ్లకు రాసి ఇవ్వడం మర్చిపోవద్దు, చెప్పకుండా మార్చి యాక్సిడెంట్ అయితే క్లెయిం దగ్గర వాళ్లు పట్టుకునేది దాన్నే. ఇదంతా తిరగడానికి ఓపిక కావాల, కానీ వేయించినాక తిరిగేదానికంటే వేయించక ముందు తిరగడం సులువు.

అసలు మాటకు వస్తా. నీ కాలు ఇట్లాగే ఉంటుందా, బాగవుతుందా? రాడ్డు తీసేస్తారని అక్క చెప్పింది. తీసినాక ఆరు నెలల్లో కాలు గట్టిపడేదైతే బండిని కోయించడం దండగ. కిట్ తీసేసినాక చాసిస్‌కు ఆ రంధ్రాలు, ఆ మచ్చలు ఉండిపోతాయి, అమ్మబోతే ధర పడిపోతుంది. ముందు నీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పో. ఇంకో అభిప్రాయం కావాలంటే ఇక్కడ టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రి ఉంది, కాళ్లూ ఎముకల సంగతి వాళ్లు రోజూ చూసేదే. "సార్, ఈ కాలి మీద ఎంత బరువు పెట్టొచ్చు, ఎప్పటికి?" అని సూటిగా అడుగు. డాక్టర్ "ఇంతే, ఇంకా బాగుపడదు" అంటే నేనే నీతో వచ్చి కిట్ వేయిస్తా, అప్పుడు వెనకడుగు వద్దు. బాగుపడుతుందంటే సీటు తగ్గించుకో, కుడికాలు అలవాటు చేసుకో, దూరం పోవాలంటే కొన్నాళ్లు బస్సెక్కు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులకేం కొదవ?

సిగ్గు గురించి కూడా ఒక మాట, అక్కకు చెప్పొద్దు. నీకు పడిపోతామన్న భయం కంటే మిట్టూరులో నలుగురూ చూస్తారన్న భయం ఎక్కువని నాకు అనుమానం. నలుగురి ముందు పడిపోతే నవ్వుతారని సైడ్ వీల్స్ వేయించుకుంటే, ఆ సైడ్ వీల్స్ చూసి అదే నలుగురూ "పాపం" అంటారు. నాకు ఈ రెండోది అలవాటై పోయింది, నీకు ఎట్లుంటుందో తెలీదు.

వచ్చే ఆదివారం రా. పొద్దున ఏడింటికే మా వీధి చివర ఖాళీ స్థలంలో నా బండి ఇస్తా, గంట సేపు నువ్వే నడుపు, మలుపులు తిప్పు, ఆపు, మళ్లీ పోనీ. హెల్మెట్ తెచ్చుకో, నాది నీ తలకు పట్టదు. బయలుదేరే ముందు టేపు పెట్టి మీ ఇంటి గేటు వెడల్పు, సందు వెడల్పు కొలిచి కాగితం మీద రాసుకుని రా. నా బండి వెనక వెడల్పు కొలిచి పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ సందులో ఆ మునగచెట్టు దగ్గర పడుతుందా అనేదే నాకు డౌటు.

మీ మామ