చలిలో కారు మోత: జాబ్ కార్డులో ఏమి రాయించారు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. 2023 నవంబరులో ధనత్రయోదశికి విజయవాడ షోరూములో 17 లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అందులో నాన్నగారి పదవీ విరమణ డబ్బు కూడా ఉంది. 2024 సంక్రాంతికి అందరం లంబసింగి వెళ్లాం. కారు రాత్రంతా మంచులో ఆరుబయటే ఉంది. జనవరి 17 తెల్లవారుజామున తీయగానే అడుగు నుంచి టక్కుమని శబ్దం వచ్చింది. కదిలాక ముందు ఎడమ చక్రం వైపు కిర్రుమని మోత, ఆపిన తర్వాత కూడా చాలాసేపు గుయ్యిమని హోరు. నాన్నగారు భయపడి, ఘాట్ రోడ్డులో దిగి నడుస్తానన్నారు. అప్పటి నుంచి ప్రతి చలికాలం పొద్దున్నే ఇదే తంతు. ఎండెక్కితే ఏమీ ఉండదు. సర్వీస్ సెంటరులో ఎప్పుడు అడిగినా 'చలికి మామూలే' అంటారు. నిరుడు నాన్నగారు గుండెజబ్బుతో పోయారు. ఆ కారులో ఆయన ఒక్కరోజు కూడా నిశ్చింతగా కూర్చోలేదు. షోరూము వాళ్ల మీద చీటింగ్ కేసు పెట్టి 20 లక్షలు పరిహారం రాబట్టాలని ఉంది. ఆటోనగర్ మెకానిక్ ఒకతను కింద ప్లేటు విప్పితే ఒక్క పూటలో తేలిపోతుందంటున్నాడు. ఏమి చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంతో పాటు మూడు జాబ్ కార్డుల ఫొటోలు పంపారు. బండి తీసుకున్నప్పుడు సమస్యను, చేసిన పనిని సర్వీస్ సెంటరు రాసే కాగితాలివి. ఉత్తరం కన్నా వాటినే ఎక్కువసేపు చదివాను. మీ కేసు నిలిచినా పడినా ఆ మూడు కాగితాల మీదే.

మొదటిది 2024 ఫిబ్రవరిది. 'కస్టమర్ చెప్పిన సమస్య' అన్న గడిలో 'జనరల్ సర్వీస్, వాటర్ వాష్' అని ఉంది. శబ్దం మాటే లేదు. లంబసింగి నుంచి వచ్చి నెల కూడా కాలేదు, నాన్నగారు భయపడిన సంగతి ఇంట్లో అందరికీ గుర్తుంది, కాగితం మీద మాత్రం కారు కడిగించుకున్నట్టే ఉంది. రెండోది 2025 జనవరిది. అందులో 'ముందు వైపు శబ్దం' అని రాశారు, బాగుంది. పక్క గడిలో 'టెస్ట్ డ్రైవ్ చేశాం, శబ్దం లేదు' అని ఉంది. బండి లోపలికి తీసుకున్న సమయం ఉదయం 11:40. ఎండెక్కితే పోయే శబ్దాన్ని వినిపించడానికి మిట్టమధ్యాహ్నం కారు తీసుకెళ్లారు. జ్వరం తగ్గిన పూట వైద్యుడికి చెయ్యి చూపించినట్టు అయింది. అంతటితో ఆగలేదు. 'పనితో సంతృప్తి చెందాను' అన్న అచ్చు వాక్యం కింద సంతకం కూడా చేశారు. మూడోది ఈ నెల, అంటే 2025 డిసెంబరు, మొదటి వారంది. సమస్య గడిలో అడ్డగీత ఉంది. నోటితో చెప్పామంటారు. నోటితో చెప్పింది వినియోగదారుల కమిషన్ ముందు ఎదుటివారు ఒప్పుకుంటేనే ఉంటుంది, వాళ్లు ఒప్పుకోరు. ఇంత ఖరీదైన వస్తువు కొన్నవారు ఒక కాగితం చదవకుండా సంతకం చేయడం నాకు బాధ కలిగిస్తోంది. దాదాపు రెండేళ్ల మీ కష్టానికి రికార్డులో మిగిలింది ఒకే ఒక్క వాక్యం.

ఇక అసలు విషయానికి వస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. మీకు అది ఎప్పుడు పుట్టింది? 2025 జనవరిలో లోపాన్ని రాయించినా సరిచేయలేదు కాబట్టి అప్పటి నుంచి లెక్కించాలని మీ తరఫు న్యాయవాది వాదించవచ్చు. ఆ వాదనలో బలముంది. అయితే ఎదుటి న్యాయవాది మీ మాటనే పట్టుకుంటారు: 'లోపం 2024 జనవరి 17న లంబసింగిలోనే తెలిసిందని ఫిర్యాదుదారే చెబుతున్నారు'. అలా లెక్కిస్తే మీ గడువు 2026 జనవరి 17తో ముగుస్తుంది. అంటే మీ చేతిలో మిగిలింది నెల రోజులు. రెండు తేదీల్లో ముందుదే నిజమనుకుని పని చేయండి. లీగల్ నోటీసు పంపితే గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. కంపెనీకి ఎన్ని ఈమెయిళ్లు రాసినా, వాళ్లు ఎన్నిసార్లు 'చూస్తున్నాం' అన్నా గడువు గడువే.

నాన్నగారి అనారోగ్యం ఈ కేసులో పనికొచ్చేది ఒక్కచోటే. పొరపాటున గడువు దాటితే, తగిన కారణం చూపినప్పుడు ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, మరణ ధ్రువపత్రం కావాలి. వాటిని ఒక కవరులో భద్రపరచండి. కానీ వాటి మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి.

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. మీరు కారు కొన్న 2023లో అమలులో ఉన్న భారతీయ శిక్షాస్మృతి 420వ సెక్షన్ కింద మోసం నిలబడాలంటే అమ్మేనాటికే వాళ్ల మనసులో దురుద్దేశం ఉందని చూపాలి. అమ్మిన తర్వాత సరిగా పట్టించుకోకపోవడం అందులోకి రాదు. స్టేషనులో ఇది సివిల్ తగాదా అని పంపించేస్తారు, ఆ తిరుగుడులో మీకున్న నెల కాస్తా అయిపోతుంది.

ఆటోనగర్ మాట చూసి ఉలిక్కిపడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పి బిగించే గొప్ప పనివాళ్లున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ కారు అడుగున ఉన్నది వందల వోల్టుల బ్యాటరీ. శిక్షణ, రక్షణ సామగ్రి లేకుండా దాని దగ్గర చెయ్యి పెడితే ప్రాణానికే ప్రమాదం. ఇక కేసు సంగతి. బయటివాళ్లు ఒక్క బోల్టు తిప్పినా కంపెనీ తన మొదటి జవాబులో 'అనధికార వ్యక్తులు విప్పారు కాబట్టి వారంటీ వర్తించదు, శబ్దం వాళ్ల పని వల్లే వచ్చింది' అని రాస్తుంది. దాన్ని కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. లోపానికి సాక్ష్యం ఆ కారే. దాన్ని మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్టవుతుంది. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ప్లేటు విప్పనివ్వకండి.

ఇప్పుడు శబ్దాల గురించి కొంత వివరంగా చెప్పాలి. 'చలికి మామూలే' అన్న మాటలో సగం నిజముంది, ఆ సగంతోనే వాళ్లు మిమ్మల్ని ఓడిస్తారు. పెట్రోలు కారులో ఇంజను మోత మిగతా చప్పుళ్లను కప్పేస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ ముసుగు ఉండదు. స్టార్టు చేయగానే అడుగున వచ్చే టక్కు చాలావరకు బ్యాటరీని మిగతా వ్యవస్థతో కలిపే పెద్ద రిలేలది, అంటే విద్యుత్ స్విచ్‌లది. ఆపాక కూడా వచ్చే హోరు బ్యాటరీ ఉష్ణోగ్రతను సర్దే ద్రవాన్ని తిప్పే పంపుదో, ఫ్యానుదో అయి ఉండవచ్చు. ఈ రెండూ లోపాలు కాకపోవచ్చు. చక్రం వైపు కిర్రుమనే మోత సంగతి వేరు. ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గించేటప్పుడు మోటారే చాలా పని చేస్తుంది, బ్రేకు డిస్కుల వాడకం తక్కువ. రాత్రి మంచుకు డిస్కు మీద పట్టిన తుప్పు పొర మొదటి కొద్ది దూరం గీరుకుంటుంది. అదే అయితే నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే పోవాలి. పోకుండా గతుకుల మీద, స్టీరింగు తిప్పినప్పుడు వస్తుంటే చలికి గట్టిపడిన సస్పెన్షన్ రబ్బరు బుష్‌లను, కుదుపులను అణిచే డ్యాంపర్లను అనుమానించాలి. మీ వారంటీ పుస్తకంలో బ్యాటరీకి, మోటారుకు ఎనిమిదేళ్లు, మిగతా బండికి మూడేళ్లు అని ఉంది. అంటే సస్పెన్షన్ వారంటీ 2026 నవంబరుతో ఆఖరు. పైగా అరిగిపోయే భాగాలన్న మినహాయింపుల పేజీలో రబ్బరు భాగాలు ఉన్నాయేమో చూడండి. మూడు శబ్దాలనూ కలిపి 'కారు శబ్దం చేస్తోంది' అని రాస్తే కేసు పలచబడుతుంది. ఏ శబ్దం ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది విడివిడిగా రాయండి, బరువంతా ఎడమ చక్రం మోత మీద పెట్టండి.

ఈ వారమే చేయాల్సిన పని ఉంది. కంపెనీ కస్టమర్ కేర్‌కు, షోరూముకు ఈమెయిల్ పెట్టి, ఒక రాత్రి కారును వాళ్ల ఆవరణలో ఆరుబయట ఉంచి తెల్లవారి ఆరు గంటలలోపు టెక్నీషియన్ మీతో కలిసి నడపాలని కోరండి. ఒప్పుకుంటే జాబ్ కార్డు మీ మాటల్లో రాయించండి, పూర్తిగా చదివాకే సంతకం చేయండి. శబ్దం పోకపోతే సంతకం పైన 'సమస్య కొనసాగుతోంది' అని మీ చేతిరాతతో రాయండి. ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే సేవాలోపానికి ఆధారం. అదే ఈమెయిల్‌లో మరో మాట అడగండి: ఈ శబ్దం మామూలేనని ఓనర్స్ మాన్యువల్‌లో ఏ పేజీలో ఉంది? కారు కంప్యూటరులో నమోదైన సమాచారాన్ని చెరపకుండా భద్రపరచమని కూడా రాయండి.

వీడియోలు మీరే తీయండి. డాష్‌బోర్డు మీద బయటి ఉష్ణోగ్రత, తిరిగిన కిలోమీటర్లు కనిపించేలా మొదలుపెట్టి, ఆపకుండా శబ్దం వచ్చేదాకా తీయండి. అసలు ఫైలు ఫోనులోనే ఉండాలి, కత్తిరించకూడదు. వాట్సాప్‌లో పంపినది అసలుకు సమానం కాదు, పంపేటప్పుడు అది కుదించుకుపోతుంది. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం జత చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టం విషయంలో కొంత సడలింపుతోనే నడుస్తాయి, అయినా ఎదుటివారికి సందు ఇవ్వకండి. ఆ రోజు కారులో నాన్నగారి పక్కన ఉన్న మిగతావారు ప్రమాణ పత్రం ఇస్తే తీసుకోండి.

ఫిర్యాదు కోసం విజయవాడ వెళ్లనక్కరలేదు. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటే వేయవచ్చు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి అధికార పరిధికి ఇబ్బంది లేదు, ఫీజు 400 రూపాయలు. వినియోగదారుల ఫిర్యాదుల ప్రభుత్వ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. తయారీ లోపానికి కంపెనీని, సేవాలోపానికి షోరూమును, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే నెపం రెండోవారి మీదకు పోతుంది.

తయారీ లోపం మీ మాటతో రుజువు కాదు, నిపుణుడి నివేదిక కావాలి. సరైన పరీక్ష లేకుండా తేలని లోపమైతే వస్తువును ప్రయోగశాలకు పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించుకునే అధికారం 38వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. మీలాంటి కేసులు ఇక్కడే చేజారుతాయి. ఫిర్యాదు జనవరిలో వేస్తే నోటీసులు, ఎదుటివారి జవాబులు అయ్యేసరికి మార్చి దాటుతుంది. గుంటూరు ఎండల్లో నిపుణుడు కారు నడిపి 'శబ్దం లేదు' అని నిజాయితీగానే రాస్తాడు. ఆ నివేదిక మీ కేసును ముగించేస్తుంది. అందుకే ఫిర్యాదుతో పాటే మధ్యంతర దరఖాస్తు వేసి, చలి పోకముందే, తెల్లవారుజామునే తనిఖీ జరిపించాలని కోరండి. ఆ కోరికలో సమయం, ఉష్ణోగ్రత నమోదు, ఇరుపక్షాల హాజరు స్పష్టంగా ఉండాలి.

20 లక్షల సంగతి మరచిపోండి. నేరుగా కొత్త కారు కావాలని కూడా అడగకండి. వారంటీ భాగాలు మార్చమంటుంటే, సరిచేయదగిన లోపానికి మొత్తం కారు మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లోనే ఒక కారు కేసులో చెప్పింది. ముందుగా లోపమున్న భాగాలను ఉచితంగా మార్చి, మార్చిన వాటికి పూర్తి వారంటీ ఇవ్వాలని కోరండి. అది సాధ్యం కాకపోతే కారు మార్పిడి లేదా ధర వాపసు, వీటితో పాటు మనోవేదనకు సమంజసమైన మొత్తం, ఖర్చులు. ఈ వరుసలో అడిగితే కమిషన్ ఏదో ఒక మెట్టు దగ్గర మీకు న్యాయం చేయగలదు.

లీగల్ నోటీసు ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో పంపండి, జవాబుకు పది రోజులు ఇవ్వండి. జవాబు వచ్చినా రాకపోయినా పండుగ సెలవులు మొదలయ్యేలోపు, జనవరి 12 సోమవారానికల్లా ఫిర్యాదు దాఖలై, రసీదు మీ చేతిలో ఉండాలి. న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు ఇన్వాయిస్, ఆర్‌సీ, వారంటీ పుస్తకం, మూడు జాబ్ కార్డుల అసలు ప్రతులు, అసలు వీడియోలున్న ఫోను తీసుకెళ్లండి. 2025 జనవరి జాబ్ కార్డు మీద సిరా చెదరకుండా లామినేషన్ చేయించాలనుకుంటారేమో, వద్దు. ఉన్నది ఉన్నట్టుగా ప్లాస్టిక్ కవరులో పెట్టండి.